సీసా మోగిందా?

ఆ ఇంట్లో ఖాళీ అయిన గాజు సీసా ఏదీ గుమ్మం దాటి బయటికి పోయేది కాదు. కాఫీ పొడి సీసా, తేనె సీసా, పాపకు చిన్నప్పుడు పట్టిన పాలపొడి సీసా, ఆఖరికి ఎదురింటి టైలరమ్మ పారేయబోయిన సాస్ సీసా కూడా అత్తగారి చేతిలో పడితే చాలు, దానికి మళ్ళీ మంచి రోజులు వచ్చినట్టే. వాటిని వేడినీళ్ళలో నానబెట్టేది. అంటించిన కాగితాన్ని గోటితో ఒలిచేది. మిగిలిన జిగురును నూనె గుడ్డతో రుద్ది వదలగొట్టి, కిటికీలో ఎండకు బోర్లించేది. వీధిలో అందరూ ఆవిణ్ణి సీసాలమ్మ అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆవిడ కూడా అదేదో బిరుదిచ్చినట్టు సంబరపడేది.

పళ్ళు విరివిగా దొరికే రోజుల్లో ఆ సీసాలన్నీ నిండేవి. పళ్ళ జామ్, టమాటా గుజ్జు, ఉప్పులో ఊరిన నిమ్మ ముక్కలు. పెద్ద గిన్నె అడుగున పాత గుడ్డ పరిచి, సీసాలు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి, నీళ్ళు కాచి వాటిని వేడెక్కించేది. చల్లటి సీసాలో వేడి పాకం పోస్తే ఠప్పున పగిలి కూర్చుంటుంది మరి. పోసేటప్పుడు సీసాలో ఒక స్టీలు చెంచా నిలబెట్టేది. నిండాక పైన కరిగించిన మైనం ఒక పొర పోసి, కాగితం కప్పి, దారంతో బిగించి కట్టేది. వీటన్నిటికంటే ముందు ఒక పరీక్ష ఉండేది. ప్రతి సీసానీ ఎడమ అరచేతిలో నిలబెట్టి, చెంచా కాడతో మెల్లగా కొట్టేది. ఖంగుమంటే మంచి సీసా. టప్‌మంటే ఎక్కడో కంటికి కనపడని బీట ఉన్నట్టు. అలాంటివి మేకులు పోసుకోవడానికే గాని తిండి దరిదాపులకు రాకూడదు.

ఆ సీసాల పుణ్యమా అని కోడలు నిశ్చింతగా ఉద్యోగం చేసుకుంటోంది. తల్లి లేకుండా పెరిగిన పిల్ల. ఈ ఇంటికి వచ్చేనాటికి స్టవ్ వెలిగించడం తప్ప వంటింటి పని ఏదీ రాదు. అత్తగారు ఒక్క మాట అనలేదు. "నువ్వు ఉద్యోగానికి వెళ్ళమ్మా, వంటిల్లు నేను చూసుకుంటాను" అంది, అంతే. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం కోడలి పని. సాయంత్రం వాడిన మొహంతో ఇల్లు చేరినప్పుడు ఏదో ఒక సీసా మూత విప్పితే చాలు, కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు భోజనం తయారు.

అంత మంచి అత్తగారు ఈ మధ్య కోడలికి కొరుకుడు పడటం లేదు.

"అత్తయ్యా, ఇవాళ నాకు ఆలస్యమవుతుంది. పాపని బడి నుంచి మీరు తీసుకొస్తారా?" అని అడిగింది ఆ ఉదయం, జడ అల్లుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి.

అత్తగారు కిటికీ వైపు తిరిగి సీసాలు తుడుస్తోంది. తల కూడా తిప్పలేదు.

"అత్తయ్యా, మిమ్మల్నే."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. కోడలు పెదవి కొరుక్కుంది. కొన్ని నెలలుగా ఇదే వరస. తను ఏమడిగినా ఆవిడ పలకదు. పలికితే ఓ చిన్న నవ్వు నవ్వి ఊరుకుంటుంది. అదే కొడుకు కేకేస్తే మాత్రం "వస్తున్నానురా" అంటూ పరుగు. తన వల్ల జరిగిన తప్పేమిటో ఎంత ఆలోచించినా ఆమెకు తట్టలేదు. భర్తతో చెప్పుకుంటే, "నీ మొహం, నాతో బాగానే మాట్లాడుతోందిగా" అని కొట్టిపారేశాడు. అతను బస్సు డ్రైవరు. ఇంజను హోరులో అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు అడిగినా ఆఖరి సీటు దాకా వినపడేలాగే అడుగుతాడు. ఆమె అందుకు పూర్తిగా వేరు. రోజంతా కోపంగా ఉన్నవాళ్ళతో ఫోన్లో మెత్తగా మాట్లాడి మాట్లాడి, ఇంట్లోనూ అదే గొంతు నిలిచిపోయింది.

ఇంతలో ఏడేళ్ళ కూతురు గువ్వ వంటింట్లోకి దూరింది. గువ్వ అన్నది ఇంట్లో ముద్దుపేరు. నాన్నమ్మ గడ్డం రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుంటే గాని అది మాట మొదలుపెట్టదు. ఆ అలవాటు చూసి అందరూ ముచ్చటపడేవాళ్ళు.

"నాన్నమ్మా, నిన్న చేసిన కొత్త జామ్ కావాలి. రొట్టె కనపడకుండా వెయ్యాలి!"

"నువ్వు తినేది రొట్టె కాదే, జామే" అని నవ్వి, అత్తగారు మైనం పొర తీసి, చెంచాతో దండిగా పులిమి ఇచ్చింది.

గువ్వ రెండు ముక్కలు కొరికి, మూడోదానికి కెవ్వుమంది. కోడలు పరుగెత్తుకొచ్చి నోరు తెరిపించింది. పెదవి లోపల రక్తం. నాలుక మీద గోరంత గాజు పెంకు మెరుస్తోంది. ఆ పెంకును రెండు వేళ్ళతో తీసేసి, నోరు పుక్కిలింపించింది. భర్త యూనిఫాం గుండీలు సగం పెట్టుకునే వచ్చి, లైటు వేసి మరీ నోరంతా వెతికాడు. ఇంకేమీ లేదు. చిన్న గీరే. కాసేపటికి రక్తం ఆగింది, పాప ఏడుపూ ఆగింది. కాని అతని కోపం అప్పుడే మొదలైంది.

"ఎన్నిసార్లు చెప్పానమ్మా, ఈ పాత సీసాల పిచ్చి మానుకోమని! ఇది గొంతులోకి పోయుంటే ఏమయ్యేది?"

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొట్టి చూశానురా. మోగింది. నేను చూడకుండా పొయ్యలేదు."

"మోగితే ఈ గాజు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

కోడలు సీసాను వెలుతురుకు పెట్టి చూసింది. మందమైన పెద్ద కాఫీ పొడి సీసా. మూతి దగ్గర నుంచి వెంట్రుకలా కిందికి దిగిన బీట. లోపలి అంచున చిన్న పెళ్ళ ఊడిన గుర్తు. అన్ని నెలలుగా మింగుకున్న బాధంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"మీకు ఈ మధ్య ఎవరి మాటా పట్టడం లేదత్తయ్యా! ఈ ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే మర్చిపోయారు. పిలిస్తే పలకరు, అడిగితే చెప్పరు. నా మీద కోపముంటే నాతో తేల్చుకోండి. పిల్ల తినేదాన్ని కూడా చూసుకోకపోతే ఎలా?"

ఆమె అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అత్తగారు చేతిలోని చెంచా పక్కన పెట్టేసింది.

"చూడమ్మా, ఇంక చాలు" అన్నాడు కొడుకు. "పాత సామాన్ల బండి వస్తే ఈ సీసాలన్నీ వేసెయ్యండి. సాయంత్రం నేను ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకొస్తాను. నువ్వు ఇంక వంటింటి జోలికి రావద్దు. హాయిగా కూర్చుని తిను."

కొడుకు ఆ మాట ప్రేమగానే అన్నాడు. కాని ఆవిడ భుజాలు ఒక్కసారిగా కిందికి వాలిపోవడం కోడలు చూసింది. ఆ ఇంట్లో ఆవిడకంటూ ఉన్న చోటు ఆ వంటిల్లే. అందులోంచి లేచి రమ్మంటే ఇక ఆవిడ దేనికని పొద్దున్నే లేవాలి? కోడలికి ఆ ఆలోచన వచ్చింది. కాని కోపం ఇంకా చల్లారలేదు కనుక నోరు మెదపలేదు.

భర్త డ్యూటీకి వెళ్ళాడు. కోడలు ఆఫీసుకు సెలవు చెప్పేసింది. పాపను మంచం మీద బొమ్మలతో కూర్చోబెట్టి, అట్టపెట్టెలు తెచ్చి అలమారలోని ఖాళీ సీసాలు సర్దడం మొదలుపెట్టింది. కాసేపటికి అత్తగారే వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. పాత కాగితాలు తీసుకుని ఒక్కొక్క సీసానీ చుట్టసాగింది. పారేసే సీసాలకు కాగితం ఎందుకని కోడలికి అడగాలనిపించింది. ఆవిడ చుట్టే తీరు చూసి అడగలేకపోయింది. స్నానం చేయించిన పసిపిల్లను తువ్వాలులో చుట్టినట్టే చుడుతోంది.

ఒక మందమైన సీసా చేతికి వస్తే, ఎన్నో ఏళ్ళుగా చూసిన అలవాటుకొద్దీ కోడలు కూడా దాన్ని చెంచాతో కొట్టింది. టప్‌మంది. పక్కనున్నదాన్ని కొట్టింది. ఖంగుమంది. మొదటిదాన్ని మళ్ళీ కొట్టింది. అనుమానమే లేదు, చచ్చు చప్పుడు.

"దీనికీ బీట ఉందత్తయ్యా" అంది.

చేతికందేంత దూరంలో కూర్చుని ఉంది ఆవిడ. తల వంచుకుని కాగితం మడతపెడుతూనే ఉంది. కోడలికి మళ్ళీ చిరాకు తన్నుకొచ్చింది. లేచి వెళ్ళి ఎదురుగా నిలబడి, ఆ సీసాను మొహం ముందు పెట్టి కొట్టింది. అత్తగారు తల ఎత్తి, సీసాను తన అరచేతిలోకి తీసుకుంది. కళ్ళు మూసుకుని తనూ ఒకసారి కొట్టింది. రెండోసారి కొట్టింది.

"మంచి సీసాయే. మోగుతోంది" అంది తృప్తిగా.

ఆ టప్‌మన్న చప్పుడు ఇద్దరి మధ్యా అంత స్పష్టంగా వినపడితే, ఆవిడ మోగుతోందంటుందేమిటి? కోడలు సీసాను వెనక్కి తీసుకుని, మెల్లగా ఆవిడ వీపు వెనక్కి వెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా" అంది, ఎప్పుడూ మాట్లాడే గొంతుతో.

కాగితం మడతలు ఆగలేదు.

"అత్తయ్యా!" ఇంకాస్త పెంచింది. కదలిక లేదు. మూడోసారి మొగుడు పిలిచినంత గట్టిగా పిలిచింది. అప్పుడు అత్తగారు చప్పున తిరిగి, "ఏంటమ్మా, పిలిచావా?" అంది.

కోడలు అలాగే నేల మీద కూలబడింది. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ గోడు ఓపిగ్గా వినేది తను. ఇంట్లో మనిషికి తన గొంతు అందడం లేదన్న సంగతి ఇన్ని నెలలుగా పట్టించుకోకపోగా, పొగరని, పంతమని మనసులో ఎన్ని పేర్లు పెట్టుకుంది! ఏడేళ్ళ పిల్ల గడ్డం పట్టుకుని తిప్పుకునేది ఎందుకో ఒక్కసారైనా ఆలోచించలేదు. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. పీటకు ఎదురుగా జరిగి, ఆవిడ మోకాళ్ళ మీద చేతులు వేసింది.

"మీకు వినపడటం లేదు కదూ?"

"ఎవరన్నారు? నీ మొగుడు పిలిస్తే పలకటం లేదూ?"

"ఆయన పిలిస్తే వీధి చివరి ఇంటివాళ్ళు కూడా పలుకుతారత్తయ్యా."

అత్తగారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. కొంగుతో మొహం కప్పుకుని, చాలాసేపటికి గాని తేరుకోలేదు.

"మొదట కిటికీలో పిట్టలు పోయాయి" అంది. "తర్వాత కుక్కర్ కూత. అప్పుడు నాకంత దిగులనిపించలేదు. ఒకరోజు నువ్వు ఇదే గుమ్మంలో నిలబడి ఏదో చెప్తున్నావు. పెదాలు కదులుతున్నాయి. చెప్తూ చెప్తూ నువ్వే నవ్వావు. నాకు ఒక్క ముక్క అందలేదు. నేనూ నవ్వేశాను. ఇంట్లో అందరికంటే ముందు నీ గొంతే పోయింది నాకు. ఆ మాట నీతో ఎలా చెప్పను తల్లీ?"

"చెప్తే నేనేమంటాననుకున్నారు?"

"నువ్వేమీ అనవు. అందరూ జాలిపడతారు. మా అమ్మకీ ఇలాగే అయింది. మొదట్లో అందరూ రెండోసారి చెప్పేవాళ్ళు. తర్వాత 'చెప్పినా వినపడదులే' అని వదిలేసేవాళ్ళు. భోజనాల దగ్గర ఎవరో ఏదో అంటే అందరం నవ్వేవాళ్ళం. మా అమ్మ మా మొహాలు చూసి, అందరికంటే ఆఖర్న నవ్వేది. నేనూ ఆ ఆఖర్న నవ్వే మనిషినైపోతానని భయమేసింది."

కోడలు ఆవిడ చేతిని తన చెంపకు ఆనించుకుంది.

"సీసాలు ఈ అరచేతితో చూస్తున్నాను" అంది అత్తగారు చెయ్యి విప్పి. "చెవికి అందకపోయినా చేతికి వణుకు తెలుస్తుందనుకున్నా. పల్చటి సీసాలకు తెలుస్తుంది కూడా. ఈ మందం సీసా నన్ను మోసం చేసింది. కాదులే, సీసాని అనడమెందుకు? నా భయంకొద్దీ నేనే పిల్ల పెదవి కోశాను. వాడన్నది నిజమే. నాకింక వంటిల్లు వద్దు."

అంతలోనే ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. ఏడవడానికి తర్వాత తీరిక దొరుకుతుంది గాని, ముందు నిన్న పోసిన జామ్ అంతా పారబోయాలంది. బీట ఉన్న సీసా ఏదో లేనిదేదో తేలకుండా ఒక్క చెంచా కూడా ఎవరి నోట్లోకీ పోకూడదంది. అన్నట్టు టైలరమ్మకు కూడా ఒక సీసా ఇచ్చింది. ఇద్దరూ పాపను వెంటబెట్టుకుని, ఉన్నపళంగా ఎదురింటికి పరుగెత్తారు. టైలరమ్మ అప్పుడే దారం విప్పుతోంది.

"తిన్నారా?" అని కోడలు రొప్పుతూ అడిగింది.

"ఇంకా లేదమ్మా. ఇచ్చిన జామ్ వెనక్కి తీసుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా!"

సంగతంతా చెప్పింది అత్తగారే. దాచలేదు, తగ్గించలేదు. నాకు చెవులు పనిచేయడం లేదని పైకి అనడం ఆవిడకు అదే మొదటిసారి. టైలరమ్మ కుట్టుమిషన్ ఆపి, దగ్గరికొచ్చి, "అందుకా పిన్నిగారూ, నేను బాల్కనీలోంచి పలకరిస్తే మీరు దొరసానిలా వెళ్ళిపోయేది! మీ మీద అలిగి ఉన్నాను కూడా" అని గట్టిగా నవ్వింది. ముగ్గురూ నవ్వారు. ఈసారి అత్తగారు ఆఖర్న నవ్వలేదు.

సాయంత్రం కొడుకు రెండు చేతుల నిండా ప్లాస్టిక్ డబ్బాలతో దిగాడు. వంటింట్లో తల్లి అటు తిరిగి కూర్చుని పళ్ళ తొక్క తీస్తోంది. అలమారలో ఖంగుమన్న సీసాలు మాత్రం తిరిగి వరసగా నిలబడి ఉన్నాయి.

"ఏంటిది? సీసాలు వెయ్యలేదా? అమ్మని మళ్ళీ ఇక్కడ కూర్చోబెట్టావేంటి?"

భార్య అతన్ని గుమ్మం ఇవతలకు లాగి విషయం చెప్పింది. అతను నమ్మలేదు. "మా అమ్మకి చెవుడేమిటి? పొద్దున నేనన్న ప్రతి మాటకీ జవాబు చెప్పిందిగా!"

"మీరు మాట్లాడితే అలాగే చెప్తారు. ఒక్కసారి నాలాగ పిలిచి చూడండి."

అతను గుమ్మంలో నిలబడి తల్లి వీపు వైపు చూశాడు. "అమ్మా" అన్నాడు.

ఆవిడ కత్తి ఆగలేదు. పండు చుట్టూ తొక్క పొడుగ్గా ఊడి వస్తోంది.

"అమ్మా" అన్నాడు మళ్ళీ. గట్టిగా పిలుద్దామనుకున్నాడు. ఎన్ని వందల మందిలోనైనా వినపడే ఆ గొంతు ఆ క్షణంలో తల్లి వీపు దాకా కూడా వెళ్ళలేదు. డబ్బాలు అక్కడే వదిలేసి, లోపలికి వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుని, ఆవిడ ఒళ్ళో తల పెట్టేశాడు.

"ఏంట్రా, ఏమైంది? బస్సు ఎవరికైనా తగిలించావా?" అంది ఆవిడ కంగారుగా.

అతను తల ఎత్తి అడ్డంగా ఊపాడు. "పొద్దున నోటికొచ్చినట్టు అరిచానమ్మా."

"అరిచావు కాబట్టే నాకు వినపడింది" అని తల నిమిరింది ఆవిడ. "పెదవి తెగింది నీ కూతురికి. అరవక ముద్దుపెడతావా?"

మర్నాడు ముగ్గురూ కలిసి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. చెవి వెనక పెట్టుకునే మిషను పెడితే చాలావరకు వినపడుతుందని, కొలత ప్రకారం చేయించాలి కనుక కొంత సమయం పడుతుందని డాక్టరు చెప్పాడు. ప్లాస్టిక్ డబ్బాలు గువ్వ బొమ్మలకు వాటాకొచ్చాయి.

మిషను రాకముందే సెలవు రోజు వచ్చింది, బుట్ట నిండా పళ్ళు వచ్చాయి. కిటికీ బార్లా తెరిచి, పెద్ద గిన్నెలో గుడ్డ పరిచి, అత్తాకోడళ్ళు పని మొదలుపెట్టారు. అత్తగారు సీసా పట్టుకుంటే కోడలు చెంచాతో కొట్టేది. ఆవిడ సీసా వైపు చూసేది కాదు. కోడలి మొహమే చూసేది. ఆ కళ్ళు నవ్వితే కుడి పక్కన, కనుబొమలు ముడిపడితే ఎడమ పక్కన పెట్టేది. కోడలు తప్పు చెప్తుందేమోనన్న అనుమానం ఆవిడకు ఒక్కసారి కూడా రాలేదు.

ఉడుకుతున్న పాకం సీసాలో పోయబోతూ కోడలు ఆగింది. ఎన్నేళ్ళుగానో ఒక మాట చెప్పాలనుకుంటూనే ఉంది. ఉద్యోగం హడావుడిలో ఒకసారి, మొహమాటం అడ్డొచ్చి ఒకసారి, కోపంలో ఒకసారి అది నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఇప్పుడు మెల్లగా చెప్తే లాభం లేదు. గరిటె పక్కన పెట్టి, అత్తగారి గడ్డం రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుని, గొంతెత్తింది.

"అత్తయ్యా! మీరు లేకపోతే నేను ఇంత నిబ్బరంగా బతికేదాన్ని కాదు! అమ్మ ఉంటే ఎలా ఉంటుందో నాకు మీ దగ్గరికొచ్చాకే తెలిసింది!"

ఎదురింటి బాల్కనీలో టైలరమ్మ నోట్లోని దారం తీసి, "వినపడిందమ్మా! వీధిలో అందరికీ వినపడింది!" అని అరిచింది.

అత్తగారు మాత్రం కదలకుండా కోడలి మొహంలోకి చూస్తూ నిలబడింది. కోడలికి సందేహం వచ్చింది.

"వినపడలేదా అత్తయ్యా?"

"వినపడింది" అంది ఆవిడ, చెంపల మీదికి జారిన నీళ్ళు తుడుచుకోకుండానే. "అయినా ఇంకోసారి చెప్పు."

కోడలు ఇంకోసారి చెప్పింది.